రెండు కోటలు కాచిన చాంద్ బీబీ

చరిత్ర పుస్తకాల్లో చాంద్ బీబీకి సాధారణంగా ఒక పేరా దొరుకుతుంది. అక్బరు సైన్యం అహ్మద్‌నగర్ కోటను ముట్టడించినప్పుడు కత్తి పట్టి ఎదిరించిన వీరనారి అని అందులో ఉంటుంది. పక్కన బొమ్మ ఉంటే, చేతి మీద డేగతో గుర్రం ఎక్కి వేటకు పోతున్న రాణి కనిపిస్తుంది. ఆ పేరాలో ఉన్నది నిజమే. అయితే పిల్లలూ, ఆమె ఒక కోటను కాదు, రెండు కోటలను కాపాడింది. మొదటి కోటను కాపాడింది తన పుట్టినింటి సైన్యం నుంచే. చివరకు ఆమె ప్రాణం తీసింది శత్రువులు కాదు, ఆమె కాపాడిన కోటలోని మనుషులే. ఇది ఎలా జరిగిందో తెలియాలంటే ఆమె జీవితాన్ని మొదటి నుంచి చూడాలి.

పదిహేనో శతాబ్దం చివర, పదహారో శతాబ్దం మొదట్లో బహమనీ రాజ్యం చీలిపోయి దక్కనులో ఐదు సుల్తానుల రాజ్యాలు ఏర్పడ్డాయి. అవి అహ్మద్‌నగర్, బీజాపూర్, గోల్కొండ, బీరారు, బీదరు. అహ్మద్‌నగర్‌ను నిజాంషాహీలు, బీజాపూరును ఆదిల్‌షాహీలు, మన గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలారు. ఈ ఐదుగురూ ఒకరితో ఒకరు పోట్లాడుకుంటూ, అవసరం వచ్చినప్పుడు కలుస్తూ, అవసరం తీరాక మళ్ళీ విడిపోతూ ఉండేవారు.

అహ్మద్‌నగర్ సుల్తాను హుస్సేన్ నిజాం షా కూతురు చాంద్ బీబీ. 1550లో పుట్టిందని చెబుతారు. అరబ్బీ, పారశీకం, తురుష్కంతో పాటు మరాఠీ, కన్నడం కూడా ఆమెకు వచ్చునని, సితారు వాయించేదని, పూల బొమ్మలు వేసేదని కూడా చెబుతారు. ఆమె పెళ్ళి వెనుక ఒక పెద్ద రాజకీయం ఉంది. విజయనగరంలో అళియ రామరాయలు బలంగా ఉన్న రోజులవి. ఆయన ఒకసారి ఒక సుల్తానుతో, మరోసారి ఇంకో సుల్తానుతో చేతులు కలుపుతూ అందరినీ తన మాట కింద ఉంచుకున్నాడు. చివరకు సుల్తానులు తమ తగవులు పక్కనపెట్టి ఏకమవ్వాలనుకున్నారు. ఆ కలయిక గట్టిపడడానికి కుండమార్పిడి పెళ్ళిళ్ళు జరిగాయి. చాంద్ బీబీని బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్ షాకు ఇచ్చారు. అలీ చెల్లెల్ని చాంద్ బీబీ సోదరుడు ముర్తజాకు చేసుకున్నారు. రెండు రాజ్యాలూ ఎప్పుడూ కొట్టుకునే షోలాపూర్ కోటను, మన ఇళ్ళలో పసుపు కుంకుమ కింద పొలం ఇచ్చినట్టు, చాంద్ బీబీతో పాటు బీజాపూరుకు ఇచ్చారు. తర్వాత 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధం జరిగింది. రామరాయలు చనిపోయాడు, హంపీ నగరం పాడుబడింది. మన తెలుగువారి చరిత్రను మలుపు తిప్పిన ఆ యుద్ధానికి ముందు కుదిరిన ఒప్పందంలో ఈ చిన్నపిల్ల పెళ్ళి కూడా ఒక షరతు.

బీజాపూరు వచ్చాక చాంద్ బీబీ అంతఃపురంలోనే ఉండిపోలేదు. భర్తతో పాటు వేటకు, దండయాత్రలకు వెళ్ళేదని, రాచకార్యాల్లో ఆయన ఆమె మాట వినేవాడని చరిత్రకారులు రాశారు. వారికి పిల్లలు లేరు. 1580లో అలీ ఆదిల్ షా హత్యకు గురయ్యాడు. ఆయన తమ్ముడి కొడుకు ఇబ్రహీంకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ పిల్లవాడిని గద్దె మీద కూర్చోబెట్టి, పెద్దమ్మ వరసైన చాంద్ బీబీకి అతని పెంపకం అప్పగించారు. అప్పటికి ఆమెకు సుమారు ముప్పై ఏళ్ళు.

బాలుడు రాజైతే పెద్దలందరికీ ఆశ పుడుతుంది. కామిల్ ఖాన్ అనే సర్దారు అధికారం చేతిలోకి తీసుకుని చాంద్ బీబీని లెక్కచేయడం మానేశాడు. ఆమె కిశ్వర్ ఖాన్ అనే మరో సర్దారు సాయంతో అతన్ని తొలగించింది. ఆ కిశ్వర్ ఖాన్ కూడా కొద్దిరోజులకే మొదటివాడి దారి పట్టాడు. ముస్తఫా ఖాన్ అనే పేరున్న సేనానిని చంపించాడు. చాంద్ బీబీ అందుకు అభ్యంతరం చెబితే, ఆమెనే బంధించి సతారా కోటకు పంపాడు. రాణిని ఖైదీగా తీసుకుపోవడం బీజాపూరు జనానికి, సైన్యానికి నచ్చలేదు. తిరుగుబాటు లేచింది. కిశ్వర్ ఖాన్ పారిపోయి చివరకు గోల్కొండ చేరాడు. అక్కడ ముస్తఫా ఖాన్ బంధువు ఒకడు అతన్ని చంపి పగ తీర్చుకున్నాడు. హబ్షీ సర్దారు ఇఖ్లాస్ ఖాన్ మొదలైనవారు చాంద్ బీబీని విడిపించి తిరిగి బీజాపూరుకు రప్పించారు. ఆఫ్రికాలోని అబిసీనియా నుంచి వచ్చి దక్కను సైన్యాల్లో పెద్ద పదవులకు ఎదిగినవారిని హబ్షీలు అనేవారు. హైదరాబాదులోని హబ్సీగూడకు ఆ పేరు వారి వల్లే వచ్చిందంటారు.

ఇక్కడ ఆనాటి కొలువుల సంగతి కొంచెం చెప్పాలి. దక్కను సుల్తానుల కొలువుల్లో తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన దక్కనీలు ఒక వర్గం, ఇరాను వైపు నుంచి కొత్తగా వచ్చిన ఆఫాకీలు ఇంకో వర్గం. హబ్షీలు ఎక్కువగా దక్కనీల పక్షాన ఉండేవారు. ఎవరు మనవాళ్ళు, ఎవరు బయటివాళ్ళు అన్న తగవు రోజూ ఉండేది. పదవులు ఆ తగవు మీదే పోయేవి, ప్రాణాలు కూడా పోయేవి. ఇలాంటి కొలువులో పుట్టినింటి నుంచి వచ్చిన రాణి ఎంత జాగ్రత్తగా నడుచుకోవాలో మీరే ఊహించండి.

ఆ పరీక్ష త్వరలోనే వచ్చింది. బీజాపూరులో సర్దారులు కొట్టుకుంటున్నారని తెలిసి అహ్మద్‌నగర్, గోల్కొండ సైన్యాలు కలిసి దండెత్తాయి. అహ్మద్‌నగర్ గద్దె మీద ఉన్నది చాంద్ బీబీ సొంత సోదరుడు ముర్తజా. బీజాపూరు గోడల బయట నిలిచినవారు ఆమె పుట్టిన ఊరి సిపాయిలు, లోపల ఉన్నది ఆమె పెంచుతున్న పిల్లవాడు. ఆమె ఏ వైపు నిలబడాలో తేల్చుకోవడానికి తడబడలేదు. వానలకు కోట ప్రాకారంలో కొంత భాగం కూలిపోతే, ఆ వానలోనే నిలబడి దగ్గరుండి గోడ కట్టించిందని చెబుతారు. బీజాపూరు పడలేదు. ముట్టడించిన సైన్యాలు వెనక్కి పోయాయి. ఇది ఆమె కాపాడిన మొదటి గోడ.

ఆ తర్వాత దిలావర్ ఖాన్ అనే సర్దారు అధికారం గుప్పెట్లో పెట్టుకున్నాడు. చాంద్ బీబీకి రాచకార్యాల్లో చోటు తగ్గింది. 1584లో ఇబ్రహీం చెల్లెల్ని అహ్మద్‌నగర్ యువరాజుకిచ్చి పెళ్ళి చేసినప్పుడు, ఆ పెళ్ళి బృందంతో ఆమె అహ్మద్‌నగర్ వెళ్ళింది. సుమారు ఇరవై ఏళ్ళ తర్వాత పుట్టిన ఊరు చేరింది. కానీ తాను వదిలి వెళ్ళిన ఊరు అది కాదు. సోదరుడు ముర్తజాకు మతి స్థిమితం తప్పింది. 1588లో కన్నకొడుకే ఆయన్ని చంపాడు. ఆ కొడుకు కూడా ఎక్కువ కాలం బతకలేదు. కొన్నేళ్ళలోనే గద్దె చేతులు మారుతూ పోయింది.

బదిలీల మీద ఊళ్ళు తిరిగే మేము ఈ భాగం చదివినప్పుడు కొంచెం ఆగుతాం. కొన్నేళ్ళ తర్వాత పాత ఊరికి తిరిగి వెళితే వీధులు అవే ఉంటాయి, మనల్ని గుర్తుపట్టే మనుషులు మాత్రం తగ్గిపోతారు. ఈ సంగతి మీలో చాలామందికి కూడా తెలుసు. అక్కడ మనం ఆ ఊరి పిల్లలమా, అతిథులమా అన్నది మనకే అర్థం కాదు. చాంద్ బీబీ బీజాపూరులో అహ్మద్‌నగర్ ఆడపడుచు, అహ్మద్‌నగర్‌లో బీజాపూరు రాణి.

1595లో అసలు కష్టం మొదలైంది. అహ్మద్‌నగర్ సుల్తాను ఇబ్రహీం నిజాం షా చాంద్ బీబీకి మేనల్లుడు. అతను బీజాపూరు సైన్యంతో జరిగిన యుద్ధంలో చనిపోయాడు. అంటే, ఆమె పెంచిన పిల్లవాడి సైన్యం చేతిలో ఆమె సోదరుడి కొడుకు పోయాడు. అతని కొడుకు బహదూర్ ఇంకా పసివాడు. వెంటనే ఒక్క సింహాసనం కోసం నాలుగు వర్గాలు తయారయ్యాయి. మియాన్ మంజూ అనే మంత్రి, రాజవంశానికి చెందినవాడని చెప్పి అహ్మద్ అనే వాడిని గద్దె ఎక్కించి, పసివాడు బహదూరును చావంద్ కోటలో బంధించాడు. అతను రాజవంశీయుడు కాదని తేలాక మిగతా సర్దారులు ఎదురుతిరిగారు. వాళ్ళ నుంచి బయటపడలేక మియాన్ మంజూ చేయకూడని పని చేశాడు. గుజరాతులో ఉన్న అక్బరు కొడుకు మురాదును సాయానికి రమ్మని పిలిచాడు. మొగలులు దక్కను మీదికి రావడానికి ఎప్పటి నుంచో చూస్తున్నారు. పిలుపు అందగానే బయలుదేరారు. వాళ్ళు వచ్చేసరికి మంజూకు తన తప్పు తెలిసింది. సాయం కూడగట్టుకు వస్తానని కోట విడిచి పోయాడు.

అప్పుడు కోటలో నిలబడి బాధ్యత తీసుకున్నది చాంద్ బీబీ. బహదూరే రాజని ప్రకటించి, కోట రక్షణ తన చేతిలోకి తీసుకుంది. 1595 డిసెంబరులో మురాదు సైన్యం అహ్మద్‌నగర్ చేరింది. అతనితో వచ్చిన పెద్ద సేనాని అబ్దుల్ రహీం ఖాన్-ఎ-ఖానాన్. మీరు హిందీ పుస్తకంలో చదివే దోహాల రహీమ్ ఈయనే. ఇంత గొప్ప సేనాని ఉన్నా, మొగలుల శిబిరంలో కూడా ఐకమత్యం లేదు. యువరాజుకూ ఖాన్-ఎ-ఖానానుకూ పడేది కాదు.

చాంద్ బీబీ రెండు పనులు చేసింది. లోపల గోడలు గట్టి చేయించింది. బయటకు సాయం కోసం కబురు పంపింది. ఆ కబురు వెళ్ళింది బీజాపూరు ఇబ్రహీం ఆదిల్ షాకు. కొద్ది నెలల కింద తన మేనల్లుడి చావుకు కారణమైన సైన్యం అతనిదే. అయినా ఆమె అడిగింది. తన చేతుల మీద పెరిగిన ఇబ్రహీం కాదనలేదు. సుహైల్ ఖాన్ నాయకత్వంలో సైన్యాన్ని పంపాడు. నాలుగేళ్ళ కిందటే హైదరాబాదు నగరానికి పునాది వేసిన గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా కూడా తన గుర్రపు దళాన్ని పంపాడు. ఒకప్పుడు బీజాపూరును ముట్టడించిన గోల్కొండ ఇప్పుడు బీజాపూరుతో కలిసి అహ్మద్‌నగర్ వైపు నడిచింది. దక్కను రాజ్యాలను అలా ఒక తాటి మీదికి తేవడమే చాంద్ బీబీ రాజనీతిలో పెద్ద విజయం.

సాయం వచ్చేలోగా కోట తీసుకోవాలని మొగలులు గోడ కింద సొరంగాలు తవ్వి మందుగుండు నింపారు. వారి శిబిరంలోనే ఉన్న ఒకాయన కోటలోని వారి మీద జాలిపడి రాత్రివేళ వచ్చి ఆ సంగతి చెప్పాడు. కోటవారు లోపలి నుంచి తవ్వి రెండు సొరంగాల మందు తీసేశారు. మూడోదాన్ని, అన్నిటికంటే పెద్దదాన్ని, ఖాళీ చేస్తుండగానే మొగలులు నిప్పు పెట్టారు. తవ్వుతున్నవారు అక్కడికక్కడే చనిపోయారు. సుమారు 50 గజాల గోడ ఎగిరిపోయింది. కావలివాళ్ళు భయంతో చెల్లాచెదురయ్యారు. అప్పుడు చాంద్ బీబీ కవచం తొడిగి, ముఖానికి ముసుగు వేసుకుని, కత్తి దూసి ఆ గండి దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమెను చూసి పారిపోయినవారు సిగ్గుపడి వెనక్కి వచ్చారు. మొగలులు మిగతా సొరంగాలు కూడా పేలతాయని ఎదురుచూస్తూ కొంత సమయం పోగొట్టుకున్నారు. అవి పేలలేదు. తర్వాత చీకటి పడేదాకా మళ్ళీ మళ్ళీ ఎగబడ్డారు. గండి దాటలేకపోయారు. ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. తెల్లవారేసరికి గండిలో ఏడెనిమిది అడుగుల గోడ లేచింది. గుండ్లు అయిపోతే రాగి, వెండి, బంగారు నాణేలు ఫిరంగుల్లో వేసి పేల్పించిందని జనంలో ఒక కథ ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ రోజు నుంచి ఆమెను చాంద్ సుల్తానా అని పిలిచారు. ఈ మాట రాసినవాడు ఫెరిష్తా. అహ్మద్‌నగర్ కొలువులో ఉండి తర్వాత బీజాపూరు చేరిన ఆనాటి చరిత్రకారుడు.

మొగలులకు తిండి గింజలు తగ్గాయి, సుహైల్ ఖాన్ సైన్యం దగ్గరపడుతోంది. ఇటు కోటలోనూ బలం సన్నగిల్లింది. 1596 తొలి నెలల్లో సంధి కుదిరింది. బీరారు ప్రాంతం మొగలులకు పోయింది. బహదూరును రాజుగా ఒప్పుకుని వాళ్ళు వెనుదిరిగారు. గోడ దగ్గర గెలిచిన రాణి బీరారును వదులుకోవడం ఇష్టం లేకపోయినా ఒప్పుకుంది. రాజ్యమంతా పోకుండా ఉండాలంటే కొంత ఇవ్వక తప్పదని ఆమెకు తెలుసు.

శత్రువు పోగానే కొలువులో పాత జబ్బు తిరగబెట్టింది. ఆమె పీష్వాగా నియమించిన మహమ్మద్ ఖాన్ అధికారమంతా తనదే అనుకున్నాడు. అతన్ని తొలగించాక వచ్చిన అభంగ్ ఖాన్ బహదూరును తన గుప్పెట్లోకి తెచ్చుకోవాలని చూశాడు. ఆమె కోట తలుపులు మూయించి అతన్ని బయటే ఉంచింది. ఈలోగా మొగలులతో మళ్ళీ యుద్ధం వచ్చింది. 1597 ఫిబ్రవరిలో గోదావరి తీరాన సోన్‌పేట దగ్గర బీజాపూరు, గోల్కొండ, అహ్మద్‌నగర్ ఉమ్మడి సైన్యాన్ని ఖాన్-ఎ-ఖానాన్ ఓడించాడు. 1599లో మురాదు చనిపోయాడు. మరో యువరాజు దానియాల్ వచ్చాడు. అక్బరు తానే బురహాన్‌పూర్ దాకా వచ్చి కూర్చున్నాడు. 1600లో అహ్మద్‌నగర్ మళ్ళీ ముట్టడిలో పడింది. మొగలులను కనుమ దగ్గర ఆపుతానన్న అభంగ్ ఖాన్ జున్నర్ వైపు పారిపోయాడు.

ఇప్పుడు పరిస్థితి 1596 నాటిది కాదు. బయటి నుంచి సాయం వచ్చే ఆశ లేదు. లోపల సర్దారుల మీద నమ్మకం లేదు. చాంద్ బీబీ లెక్క వేసుకుంది. కోట అప్పగించి, లోపలివారి ప్రాణాలకు, ఆస్తులకు హామీ తీసుకుని, బాలరాజుతో జున్నర్ కొండల్లోకి వెళ్ళి అక్కడి నుంచి మంచి సమయం కోసం చూడడమే మేలనుకుంది. ఈ ఆలోచనను కోటలోని అధికారి హమీద్ ఖానుకు చెప్పింది. అతను వీధిలోకి పోయి, రాణి శత్రువుతో కుమ్మక్కైందని, కోటను అమ్మేస్తోందని అరిచాడు. జనం నిజానిజాలు కనుక్కోలేదు. ఆమె మందిరంలోకి దూసుకుపోయి ఆమెను చంపేశారు. అప్పటికి ఆమెకు సుమారు యాభై ఏళ్ళు.

మొగలుల సొరంగాలు ఈసారి పేలాయి. 1600 ఆగస్టులో కోట పడిపోయింది. లోపలి సైనికులను నరికేశారు. బహదూరును పట్టుకుని గ్వాలియర్ కోటకు ఖైదీగా పంపారు. ఏ రెండు నష్టాలు జరగకూడదని ఆమె సంధి కోరిందో సరిగ్గా ఆ రెండూ జరిగాయి.

పిల్లలూ, మీలో కొందరు ఇక్కడ ఒక సందేహం అడగవచ్చు. నాలుగేళ్ళ కింద అంత ధైర్యంగా పోరాడిన రాణి ఈసారి ఎందుకు లొంగిపోవాలనుకుంది? భయపడిందా? మా ఆలోచన ఇది. రెండుసార్లూ ఆమె కోరింది ఒకటే, పసివాడూ, అతన్ని నమ్ముకున్న జనమూ బతకాలని. మొదటిసారి అందుకు కత్తి పనికొచ్చింది, ఎందుకంటే సాయం దారిలో ఉంది. రెండోసారి కత్తి పనికిరాదని ఆమెకు కనిపించింది. అందరూ యుద్ధం అంటున్నప్పుడు వద్దని చెప్పడానికి, గండి దగ్గర నిలబడడానికి కావలసినంత ధైర్యమే కావాలి. గండి దగ్గర ఆమె వెనుక సైన్యం ఉంది. ఈ మాట చెప్పినప్పుడు ఆమె వెనుక ఎవరూ లేరు.

ఆమె ఆలోచన సరైనదేనని తర్వాతి చరిత్ర చూపించింది. అహ్మద్‌నగర్ నగరం పోయినా నిజాంషాహీ రాజ్యం అక్కడితో ఆగిపోలేదు. మాలిక్ అంబర్ అనే హబ్షీ సేనాని ఆ వంశంలోని మరొకరిని గద్దె ఎక్కించి, కొండలను, కోటలను ఆసరా చేసుకుని, మొగలులను పాతికేళ్ళు ముప్పుతిప్పలు పెట్టాడు. ఒక ఊరు పోతే రాజ్యం పోదని, బయట నిలబడి తిరిగి కట్టుకోవచ్చని చాంద్ బీబీ అనుకున్నదే అతను చేసి చూపించాడు. ఆమెకు మాత్రం ఆ అవకాశం దొరకలేదు.

మీలో రక్షణ శాఖ ఉద్యోగుల పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు అహ్మద్‌నగర్ వెళ్ళవచ్చు. యుద్ధ టాంకుల దళాల శిక్షణ కేంద్రం అక్కడే ఉంది. ఇప్పుడు ఆ ఊరి పేరు అహిల్యానగర్. అక్కడి కోటలోనే 1942 నుంచి జవహర్‌లాల్ నెహ్రూను, ఇతర జాతీయ నాయకులను ఆంగ్లేయులు బంధించి ఉంచారు. నెహ్రూ డిస్కవరీ ఆఫ్ ఇండియా పుస్తకం రాసింది అక్కడే. ఊరికి కొంత దూరంలో కొండ మీద మూడంతస్తుల రాతి కట్టడం ఒకటి ఉంది. దాన్ని చాంద్ బీబీ మహల్ అంటారు. నిజానికి అది ఆమె మహల్ కాదు, ఆమె సోదరుడి మంత్రి సలాబత్ ఖాన్ సమాధి. జనం ఆ కట్టడానికి ఆమె పేరే పెట్టుకున్నారు, నాలుగు వందల ఏళ్ళుగా ఆమెను తమ ఊరి మనిషిగానే చెప్పుకుంటున్నారు. ద్రోహి అని కేక వేసిన హమీద్ ఖాన్ పేరు ఆ ఊళ్ళో ఏ కొండకూ లేదు.